బిల్లులో ఎర్ర పట్టుపోగులు

ఆ ఫోన్లు ఆయన చేయలేదు. చేయలేదని గద్వాల మొత్తంలో రుజువుతో సహా తెలిసింది నా ఒక్కడికే. నేను చెప్పలేదు. అప్పుడు చెప్పలేదు, ఆ తర్వాత పదేళ్లకు పైగా చెప్పలేదు. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి నా చేతుల మీదుగా చెడిపోయిన పేరు అది. మళ్లీ నా చేత్తోనే రాయడానికి మనసొప్పడం లేదు.

పోయిన నెల నాగర్‌కర్నూల్‌లో నా ఫోన్ బిల్లు తెరిచి చూస్తే, నేనెన్నడూ అడగని ఏదో సేవకు రుసుము వేసి ఉంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, కాసేపు సంగీతం, మళ్లీ ఒకటి నొక్కండి. ఇవన్నీ దాటాక ఒకమ్మాయి పలికింది. "గుడ్‌విల్ కింద ఆ అమౌంట్ తీసేస్తున్నాం సార్" అంది.

"గుడ్‌విల్ వద్దమ్మా. తప్పు మీదని రాసి పంపండి చాలు."

"అలా రాయడానికి మాకు ఆప్షన్ ఉండదు సార్" అంది తియ్యగా.

ఉంటుంది. నాకు తెలుసు. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేశాక కూడా నేను చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను. అవతల వినిపించింది నా గొంతే. ఒకప్పుడు గద్వాలలో, గాజు తలుపుల వెనక, మెడలో కార్డు వేసుకుని మాట్లాడిన నా గొంతు.

మాది తిమ్మాజిపేట. ఆ రోజుల్లో గద్వాలలో ఒక ఫోన్ కంపెనీ కౌంటర్‌లో పనిచేసేవాడిని. సిమ్ములు మార్చడం, బిల్లుల మీద వచ్చే ఫిర్యాదులు వినడం నా పని. మధ్యాహ్నం రెండు దాటాక వీధిలో ఎండ తప్ప ఎవరూ ఉండేవారు కాదు. లోపల ఏసీ చల్లదనం, అద్దానికి అవతల తెల్లటి వేడి, ఏ సందులోంచో మగ్గాల చప్పుడు. అది వినగా వినగా కాసేపటికి చెవిలో కాక ఒంట్లో కొట్టుకుంటున్నట్టు ఉండేది. ఆ గంటలో మెలకువగా ఉన్నానో లేదో నాకే తెలిసేది కాదు. సరిగ్గా ఆ తెల్లదనంలోంచి, ముందు నీడగా, తర్వాత మనిషిగా ఆయన వచ్చేవాడు.

చెప్పులు బయట విడిచేవాడు. "ఇది గుడి కాదు కాకా, వేసుకునే రా" అని ఎన్నిసార్లు చెప్పినా విడిచేవాడు. మా తిరిగే కుర్చీలో కూర్చునేవాడు కాదు. ఒకసారి కూర్చున్నాడు. అది పక్కకు తిరగ్గానే ఉలిక్కిపడి లేచాడు. "ఇది మంచిగ లేదు సార్. మీ దిక్కు చూసి మాట్లాడుదామంటె గోడ దిక్కు తిప్పుతుంది" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ నిలబడే మాట్లాడాడు.

ఆయన నేతగాడు. గద్వాల చీరల సావుకారి ఒకాయన తన కింద నేసేవాళ్లందరికీ ఫోన్ కనెక్షన్లు ఇప్పించాడు. బిల్లు కట్టేది సావుకారే. కానీ ఎవరి కాగితం వాళ్లకు ఇచ్చేవాడు. మిగతావాళ్లు దాన్ని మడిచి ఎక్కడో పారేసేవాళ్లు. ఈయన మాత్రం కూర్చుని చదివేవాడు, అదీ కింద నుంచి పైకి. నేతలో తప్పు పడితే చివర నేసిన చోటు నుంచి వెనక్కి విప్పుకుంటూ పోతారట. బిల్లునూ అలాగే విప్పేవాడు. తారీకులు ఆయనకు గుర్తుండేవి కావు, చీర గుర్తుండేది. "ఆ పొద్దు ఆకుపచ్చ చీర కొంగు మీదున్న, అప్పుడు మా బిడ్డతోని మాట్లాడిన, సరిపోయింది" అనుకుంటూ ఒక్కో గీతా దాటేవాడు.

తప్పు దొరికిన చోట పెన్నుతో గుర్తు పెట్టేవాడు కాదు. జేబు మూతకు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉండేది, దానికి అంచు నేయగా మిగిలిన ఎర్ర పట్టుపోగు. తప్పు గీత పక్కన కాగితానికి సూది గుచ్చి, ఆ పోగు లాగి, చిన్న ముడి వేసేవాడు. మిరపపండు రంగు. కౌంటర్ మీద పెట్టగానే ముందు ఆ ఎరుపే కనిపించేది.

"ఒక్క గీతే కదా కాకా, వదిలెయ్యొచ్చు కదా" అన్నాను ఒకసారి.

"ఒక్క పోగే గద అంటరు సార్. కట్టుకునే ఆమెకు తెల్వనే తెల్వదు. నేసినోనికి తెలుస్తది. ఆనికి అన్నం తినబుద్ధి గాదు" అన్నాడు.

తన పని అయ్యాక కూడా వెళ్లేవాడు కాదు. వరసలో ఉన్నవాళ్ల కాగితాలు తొంగి చూసేవాడు. ఒక రోజు అయిజ దిక్కు రైతు ఒకాయన మూడు నెలల బిల్లులు ఊపుకుంటూ వచ్చాడు.

"సారూ, నాకు ఫోన్ జేసినోళ్లకు ఏందో పాట వినొస్తదంట. మా బామ్మర్ది 'జల్ది ఎత్తకు బావా, పాట మంచిగుంది' అంటుండు. ఆయన ఇనేదానికి నేను గట్టాల్నా?"

వెనక నుంచి ఈయన అడిగాడు. "పాట వెట్టుమని నువ్వు చెప్పినవా?"

"నేనేడ చెప్పిన! అసలు ఏం పాటనో నాకే తెల్వదు. నా ఫోన్ నేను చేసుకోను గద!"

"ఇటియ్యి కాయితాలు." సూది తీశాడు. ఒకటి, రెండు, మూడు ముడులు. "మూడు నెలల సంది పాడుతుంది సార్. ఈయనకు పాట వద్దు. తీసెయ్యుండ్రి."

"సాకప్పా సాకు" అన్నాడు రైతు, చాలయ్యా చాలని కన్నడంలో. "ఇగ బామ్మర్ది నా గొంతు ఇని సావాలె."

ముగ్గురం నవ్వాం. ఆయన నవ్వితే భుజాలు మాత్రమే కదిలేవి, చేతులు కదిలేవి కావు. మగ్గం మీద నవ్వడం అలవాటైన మనిషి నవ్వు అది.

ఆ చేతుల గురించి ఒక మాట చెప్పాలి. గుంత మగ్గంలో దిగితే ఆయన ఫోన్ ముట్టడు. పట్టు అంచుకు ఇంకో వస్తువు మురికి తగలకూడదని నియమం. ఫోన్ గోడ గూట్లో, బట్ట మీద ఉండేది. ఇంట్లో ఇంకెవరూ ఎత్తకూడదు. "మోగుతది, మోగుతది, అదే ఊకుంటది" అనేవాడు. పని ఆపి బయటికొచ్చాక, ఎవరు చేశారో చూసి తిరిగి చేసేవాడు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, జరిగిందంతా ఈ అలవాటు మీద పడి జరిగింది.

ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి బిల్లు కౌంటర్ మీద పెట్టాడు. పై నుంచి కింది దాకా ఎర్ర ముడులే.

"ఇన్నా కాకా?"

"ఒక్కటే నంబరు సార్. నేను ఒక్కసారి గూడ చెయ్యలే."

ఆ నంబరు గద్వాలలోనే ఇంకో చీరల వ్యాపారిది. తన సావుకారికీ ఆయనకూ పడదు. నాలుగు రోజుల కిందట సావుకారి ఏదో పని మీద ఈయనకు ఫోన్ చేశాడట. "హలో" అని పలికింది ఆ వ్యాపారి.

"నువ్వు ఆడ కూసోని, నీ ఫోన్ ఆయన చేతికిచ్చినవ్ అంటుండు సార్. నేను యాడ కూసున్న? నడుముల దాక గుంతలున్న. గూట్లె ఫోన్ మోగుడు గూడ ఇన్న. ఎప్పటిలెక్కనే ఊకుందనుకున్న." ఆయన గొంతు పెరగలేదు. వేలు మాత్రం కౌంటర్ అంచు వెంట అటూ ఇటూ పోతోంది. "పెండ్లిళ్లకని కొత్త అంచు వెట్టిండు సావుకారి. ముందుగాల నా చేతికే ఇచ్చిండు. అసొంటి అంచే ఇప్పుడు ఆళ్ల దుకాణం అద్దంల ఏలాడుతుంది. నేను అమ్ముకున్న అంటుండు. ఇగో, సాక్ష్యం అని మీ బిల్లు నా ముంగట ఏసిండు."

నేను చూస్తానన్నాను.

"పైసల గురించి గాదు సార్, అవి ఆయన గట్టుకుంటడు. ఈ ఫోన్లు ఈయన చెయ్యలేదని మీ కాయితం మీద మీరు రాసియ్యుండ్రి. నేను తీస్కవోయి చూపిస్త. ఇంకోటి చూడుండ్రి. ఒక్కటన్న పొద్దుగూకినంక ఉందా? అన్నీ నేను మగ్గం మీదున్న గంటలే. దొంగ పని చేసేటోడు తీరిక చూసుకోని చేస్తడు. రెండు చేతులు పోగుల ఇరికినప్పుడు చేస్తడా?"

రేపు రమ్మన్నాను. ఆయన ఎండలోకి కరిగిపోయాక కంప్యూటర్‌లో ఆయన నంబరు తెరిచాను. రెండు నిమిషాలు పట్టింది. కాల్ డైవర్ట్. ఆయన ఫోన్ ఎత్తకపోతే ఆ పిలుపు దానంతటదే ఆ వ్యాపారి నంబరుకు పోయేట్టు పెట్టి ఉంది. అలా పోయిన ప్రతి పిలుపూ ఈయనే చేసినట్టు బిల్లులో పడుతుంది. పెట్టిన తారీకు, పక్కన పెట్టిన ఉద్యోగి నంబరు. నా నంబరు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఈయన కొత్త సిమ్ము కోసం వచ్చాడు. ఈయన వెళ్లగానే ఆ వ్యాపారి వచ్చి, తను ఎత్తకపోతే పిలుపులు తన రెండో నంబరుకు పోయేట్టు పెట్టమన్నాడు. తెర మీద నేతగాడి పేజీ మూయకుండానే, అందులోనే ఆ రెండో నంబరు కొట్టేశాను. మర్నాడు వ్యాపారి వచ్చి పనిచేయట్లేదంటే ఆయనకు మళ్లీ పెట్టాను. మొదటిది ఎక్కడ పడిందని వెతకలేదు.

ఆ డైవర్ట్ తీసేశాను. ఒక్క నొక్కు. తర్వాత ఫిర్యాదు ముగించడానికి రెండు దారులు కనిపించాయి. ఒకటి 'బిల్లింగ్ తప్పు'. అది నొక్కితే ఎవరి తప్పని పైవాళ్లు వెతుకుతారు. రెండోది 'గుడ్‌విల్'. అది నొక్కితే ఎవరూ ఏమీ అడగరు. రెండో పాప పుట్టి అప్పటికి ఆరు నెలలు. పక్క ఊరి కౌంటర్‌లో ఇలాంటి దానికే ఒకతన్ని తీసేశారని విన్నాను. ఇవి కారణాలు కావు. అప్పుడు నాకు నేను చెప్పుకున్న మాటలు.

మర్నాడు ఆయన వచ్చాడు. తెర వైపు చూస్తూ చెప్పాను.

"సిస్టంల ఏం తప్పు కనపడ్తలేదు కాకా. కానీ మా తరఫున ఆ పైసలు తీసేస్తున్నం. గుడ్‌విల్ అంటరు దీన్ని."

"అంటే ఏంది సార్?"

"అంటే... మీరు మంచి కస్టమర్ అని."

"తప్పు నాదైతే పైసలెందుకు తీస్తరు? మీదైతే రాసియ్యనీకి ఏమైంది?"

నేను కీబోర్డు మీద ఏదో కొడుతూ ఉండిపోయాను. ఏం కొట్టానో నాకు తెలియదు.

"నాకు మాఫీ వద్దు సార్" అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బయట చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాతి నెల మళ్లీ వచ్చాడు. బిల్లు మీద ఒక్క ఎర్ర ముడి లేదు. శుభ్రంగా, తెల్లగా ఉంది. దాన్ని నా ముందు పరిచి రెండు చేతులతో సాపు చేశాడు.

"ఈ నెల ఆ నంబరు ఒక్కపారి గూడ రాలేదు సార్."

"మంచిదే గదా కాకా."

"సావుకారి ఏమన్నడో తెల్సా? 'దొరికినంక బంద్ వెట్టినవ్' అన్నడు."

నేను దొంగచాటుగా దిద్దిన తప్పు ఆయన మీద రెండో సాక్ష్యమై కూర్చుంది. ఆయన కళ్లెత్తి నన్నే చూస్తున్నాడు. నాకేదో తెలుసని కాదు. నా దగ్గర ఏదైనా మాట దొరుకుతుందేమోనని. నేను తల దించుకుని "నెక్స్ట్" అన్నాను. ఆయన వెనక ఎవరూ లేరు.

సావుకారి ఆయనకు నేయడానికి పడుగు ఇవ్వడం మానేశాడని తర్వాత విన్నాను. ఇంకెవరి దగ్గరో సాదా చీరలు నేశాడట. కొత్త అంచు మళ్లీ ఎవరూ ఆయన చేతికి ఇవ్వలేదట. నేను అడిగి మరీ వనపర్తికి బదిలీ చేయించుకున్నాను. అక్కడ ఉన్నన్నాళ్లూ ఒకటే కల. గూట్లో ఫోన్ మోగుతుంటుంది. గుంతలోంచి ఆయన తల ఎత్తడు. పోగుల మధ్య నుంచి వెలుతురు ఎర్రగా పడుతుంటుంది. మోగి మోగి, ఎక్కడో దూరంగా, ఆ ఫోన్ నేను ఎత్తుతాను. హలో అనబోతాను. నోట్లో దూది కుక్కినట్టు ఉంటుంది. తర్వాత ఆ ఉద్యోగం మానేసి నాగర్‌కర్నూల్‌లో స్టేషనరీ దుకాణం పెట్టుకున్నా ఆ కల ఊరు మారి వెంట వచ్చింది.

కస్టమర్ కేర్ అమ్మాయితో మాట్లాడిన మూడో రోజు గద్వాల బస్సెక్కాను. ఆయన ఉండే సందు దొరికింది. గుమ్మంలో కండెలు చుడుతున్న ఒకామెను అడిగాను.

"ఎవరు, అంచు అమ్ముకున్నాయననా?" అంది, చక్రం ఆపకుండానే. అందులో ద్వేషం లేదు. ఇంటి గుర్తు చెప్పినట్టు చెప్పింది. "ఆయన భార్య సచ్చిపోయినంక పెబ్బేరుల బిడ్డ కాడుంటుండు."

పెబ్బేరులో ఆ రోజు సంత. ఎడ్లు, బర్రెలు, బేరాలు, దుమ్ము. ఆ దుమ్మంతా ఎండలో బంగారు పొడిలా లేచి మనుషుల్ని నడుముల దాకా మింగేస్తోంది. అందులోంచి తలలు మాత్రం తేలుతూ పోతున్నాయి. పగ్గాలు, పలుపులు అమ్మే ఒక దుకాణం పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఆయన తాడు పేనుతున్నాడు. ఆ దుకాణం అల్లుడిదట. బాగా తగ్గిపోయాడు. చేతులు మాత్రం అవే.

"కాకా, గుర్తువట్టినవా?"

"ఫోన్ సార్ గద" అన్నాడు, కళ్లు చిట్లించి. "కూసోండ్రి. ఇది తిరగదు తియ్యి."

కూర్చుని చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఏ రోజు, ఎవరు వచ్చారు, నేను ఏ పేజీలో ఏ నంబరు కొట్టాను, ఎప్పుడు తెలిసింది, ఏది దాచాను. సగంలో ఆయన చేతులు ఆగిపోయాయి. పేనిన తాడు మెల్లగా వెనక్కి విడిపోతోంది. ఆయన చూడలేదు.

"అయితే నేను ఏం నొక్కలేదా?" అన్నాడు చివరికి.

"ఏం నొక్కలే కాకా."

"కొత్త సిమ్ము ఏసుకున్న పొద్దు ఇంటికి వొయ్యి ఏందో నొక్కిన. మీరు తప్పేం లేదంటిరి గద. మిషిన్ల తప్పు లేదంటె ఇగ నా చేతులనే ఉండాలె అనుకున్న. ఇన్నేండ్లు అదే అనుకున్న." తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "అప్పటి సంది ఫోన్ ముట్టలే. ఎవ్వరి బిల్లు చూడలే. నా కన్ను మీద నాకే నమ్మకం వోయింది."

ఒక బర్రె మా మధ్య నుంచి వెళ్లింది. అది దాటేదాకా ఆగాడు.

"మా ఆమె పోయే ముందు అడిగింది సార్. జర నిజం చెప్పు, నువ్వేనా అని. చెయ్యలే అనాలె గద నేను? అనలేకపోయిన. తెల్వదు అన్న."

నేను ఆయన కాళ్ల మీదికి వంగబోయాను. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"ఈడ ఒద్దు. ఈడ ఇననీకి ఎవరున్నరు, బర్లు తప్ప?" అన్నాడు. భుజాలు కదల్లేదు. "సావుకారి ఇంక బతికే ఉన్నడు. రేపు పొద్దుగాల పోదాం. ఆడ చెప్పు."

ఆ రాత్రి పెబ్బేరులోనే ఆగాను. పొద్దున బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. బీచుపల్లి దగ్గర వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద కృష్ణ ఎక్కడ ఇసుకో ఎక్కడ నీళ్లో తెలియనట్టు పొగమంచులో పరుచుకుని ఉంది. ఆయన అటే చూస్తూ, చొక్కా గుండీలు ఒక్కొక్కటీ సరిగా ఉన్నాయో లేదో తడుముకున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా. ఆ ప్రయాణం ఎంతసేపో నాకు గుర్తు లేదు. ఎప్పటికీ గద్వాల రాకపోతే బాగుండుననీ, వెంటనే వచ్చేస్తే బాగుండుననీ రెండూ అనిపించాయి.

సావుకారి ఇంటి ముందు హాలులో తెల్ల పరుపుల మీద చీరలు పరిచి ఉన్నాయి. కొనడానికి వచ్చినవాళ్లు అయిదారుగురు. చీరలు తెచ్చిన నేతగాళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు. సావుకారి ముసలివాడైపోయాడు. ఈయన్ని చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమొచ్చినవ్?"

"నేను గాదు సావుకారీ, ఈ సారు చెప్తడు" అని ఆయన ఒక అడుగు పక్కకు జరిగాడు.

నేను ఫోన్ కౌంటర్‌లో పనిచేసేవాడినని, ఆ బిల్లు విషయమని, బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పాను. సావుకారి చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు.

"ఏంది? వినొస్తలేదు. గట్టిగ చెప్పు."

చీరలు చూస్తున్నవాళ్లు తలలెత్తారు. గోడ దగ్గరి నేతగాళ్లు లేచి నిలబడ్డారు. నేను గొంతెత్తి, వీధిలోకి కూడా వినిపించేలా చెప్పాను.

"మీ అంచు ఈయన అమ్మలేదు సావుకారీ. ఆ దుకాణానికి ఈయన ఒక్కపారి గూడ ఫోన్ చెయ్యలేదు. మీరు చేసిన ఫోన్ ఆడికి వొయ్యింది నా చేతి తప్పుతోని. కంప్యూటర్ల ఒకరికి వెట్టేది ఇంకొకరికి వెట్టిన. నెల తిరగకముందే నాకు తెలిసింది. నౌకరి పోతదని దాచిన."

సావుకారి చేయి చెవి మీది నుంచి దిగింది. ఆయన తలెత్తి తన పాత నేతగాడి వైపు చూశాడు. ఆ చూపు సంగతి వాళ్లిద్దరిది. నేనూ నేతగాడి వైపే తిరిగాను. గొంతు తగ్గించాలనిపించింది. తగ్గించలేదు.

"కాకా, మీ చేతుల తప్పు లేదు, మీ కన్నుల తప్పు లేదు. మీ ఆమె అడిగిన దానికి జవాబు నా కాడ ఉండె. ఆమెకు అందకుంట చేసిన. దానికి నా కాడ ఏ మాఫీ కాయితం లేదు, మిమ్మల్ని ఇయ్యుమని గూడ అడుగుతలేను. తప్పు చేసిన. నన్ను మన్నించుండ్రి."